మెడికల్ పాసైన పిల్ల

ఎనభైల మొదట్లో కువైట్‌లో ఉన్న మనవాళ్ళు దేవుడికన్నా మెడికల్‌కి ఎక్కువ భయపడేవారు. బొంబాయిలో విమానం ఎక్కేముందు ఒకసారి, అక్కడ దిగాక ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, కొట్టేముందు ఇంకోసారి రక్తం తీసి, ఛాతీకి ఎక్స్‌రే తీసి చూసేవాళ్ళు. ఏ మచ్చ కనిపించినా ఖలాస్, వచ్చిన దారినే పంపేస్తారు. ఫర్వానియాలో ఏ గదిలో నలుగురు కూర్చున్నా ఇవే కబుర్లు. ఫలానావాడి ఊపిరితిత్తిలో ఏదో కనిపించిందట, పెట్టె సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వలేదట. అందులో నిజమెంతో కనుక్కున్నవాడు ఒక్కడూ లేడు. భయం మాత్రం అందరూ సమానంగా పంచుకున్నారు. ఆ భయం ఒక ఏడేళ్ళ పిల్ల చదువుని ఎలా మింగేసిందో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను ఫర్వానియాలో ఒక ప్రైవేటు ఇండియన్ స్కూల్లో ఒకటో తరగతి టీచర్ని. మాది అమలాపురం దగ్గర. మావారు మిర్కాబ్‌లో ఒక కంపెనీలో లెక్కలు చూసేవారు. స్కూలంటే పెద్ద భవనమేమీ ఊహించుకోకండి. పాత విల్లా ఒకటి అద్దెకి తీసుకుని, పడకగదుల్లో బెంచీలు వేసి, వంటింట్లో ఆఫీసు పెట్టారు. గది నిండా పిల్లలు, కిటికీకి ఒక ముసలి ఏసీ. అది మొదలుపెట్టిందంటే నా గొంతు నాకే వినిపించేది కాదు. అలాంటి గదిలో ఒక పిల్లకి వినబడడం లేదని నాకు తెలియడానికి చాలా రోజులే పట్టింది.

ఆ పిల్ల గోడ పక్కన కూర్చునేది. బోర్డు మీద ఏం రాసినా దించేది, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఏదైనా అడిగితే మాత్రం నా మొహంలోకి కళ్ళు పెట్టి చూసి "జీ" అనేది. రెండు రెళ్ళెంత అంటే జీ. మీ ఇల్లెక్కడ అంటే జీ. వేళాకోళం చేస్తోందేమోనని మొదట్లో నాకు కోపం కూడా వచ్చింది. ఒకరోజు తూజ్ లేచింది. తూజ్ అంటే అక్కడి దుమ్ముగాలి, మధ్యాహ్నం కూడా లైట్లు వేసుకోవలసి వస్తుంది. సరిగ్గా ఆ పిల్ల వెనకున్న కిటికీ రెక్క ఆ గాలికి ఫెళ్ళున కొట్టుకుని అద్దం పగిలింది. పిల్లలంతా కెవ్వుమన్నారు. ఆ పిల్ల తల వంచుకుని రాసుకుంటూనే ఉంది. పక్కపిల్ల బెంచీ కిందకి దూరడం చూశాక గానీ వెనక్కి తిరగలేదు.

ప్రిన్సిపాల్‌కి చెప్పాను. ఆయన నేనేదో తప్పు చేసినట్టు నా వంక చూసి, ఇది చెవిటిపిల్లల బడి కాదు, టర్మ్ చివర పంపేద్దాం, అన్నాడు. పంపేస్తే ఎక్కడికి వెళ్తుందండీ అంటే, అది మన తలనొప్పి కాదన్నాడు. ఇంకాసేపుంటే నోరు జారుతానని బయటికి వచ్చేశాను.

ఆ శుక్రవారమే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళది రాయచోటి. తండ్రి షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కు, నెమ్మదస్తుడు, నేను గడపలో కనిపించగానే చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. తల్లికి పాతికేళ్ళుంటాయేమో. చాయ్ పెట్టి ఇచ్చి, కూతుర్ని తన ముందు నిలబెట్టుకుని, వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. పిల్లకి చెవులు వినిపించడం లేదమ్మా అని మెల్లగా మొదలుపెట్టాను.

"వినిపిస్తుందక్కా. కావాలంటే పిలిచి చూడు" అంది.

పిలిచాను. పిల్ల టక్కున నావైపు చూసి "జీ" అంది. తల్లి మొహం వెలిగింది. కానీ నేను టీచర్ని, పిల్లల చేతులూ తల్లుల చేతులూ చూడడమే నా పని. నేను పిలవగానే ఆవిడ వేలు పిల్ల వీపు మీద కదిలింది. ఒకసారి నొక్కితే తల తిప్పాలి, రెండుసార్లు నొక్కితే జీ అనాలి. చుట్టాల ముందు, ఇంటి ఓనరు ముందు, స్కూల్లో చేర్చిన రోజున మా ప్రిన్సిపాల్ ముందు అలాగే నెట్టుకొచ్చారు. నాకు కోపం వచ్చింది. చెయ్యి తియ్యమన్నాను. తీసింది. పిలిచాను, ఇంకోసారి పిలిచాను, మూడోసారి అరిచాను. పిల్ల నా ప్లేటులో బిస్కెట్ల వంక చూస్తూ నిలబడింది.

అప్పుడు ఏడ్చింది తల్లి. మూడేళ్ళప్పుడు మెదడుకి జ్వరమొచ్చిందట. ప్రాణం దక్కింది, చెవులు పోయాయి. ఊళ్ళో అమ్మా, నాన్నా, నీళ్ళూ అనే నాలుగు మాటలు అప్పటికే వచ్చు కాబట్టి అవి మిగిలాయి. ఇక్కడికి తెచ్చుకున్నాక ఎవరికీ చెప్పలేదు. చెబితే పిల్ల మెడికల్ తప్పిందని వీసా తీసేస్తారని భయం. పిల్లలకి మెడికల్ ఎవరు పెట్టారమ్మా అంటే, "ఎప్పుడు పెడతారో ఎవరికి తెలుసక్కా?" అంది. ఆ పిల్ల నోట్లోంచి ఆ నాలుగు మాటలు కూడా జారిపోయే లోపల ఎవరో ఒకరు దానికి పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పకపోతే, జన్మంతా జీ అంటూనే బతుకుతుందని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను.

సర్కారువాళ్ళు నడిపే చెవిటిపిల్లల బడి ఒకటి ఉందని మావారి ఆఫీసులో పనిచేసే ఈజిప్టు ఆయన చెప్పాడు. చెవికి మిషను వాళ్ళే ఇస్తారట, చేతులతో, పెదవులతో మాట్లాడడం నేర్పుతారట, బస్సు ఇంటి దగ్గరికే వస్తుందట. అయితే అది ఆ దేశపు పిల్లల కోసం కట్టుకున్న బడి. బయటివాళ్ళ పిల్లలకి మిగిలిపోయిన సీట్లే. అవి కూడా పై సంతకాలుంటేనే. సరే, మిగిలిపోయినదైనా మాకు అదే మహాభాగ్యం అనుకున్నాం. ఆయనే అరబ్బీలో అర్జీ రాసిచ్చాడు.

అక్కడినుంచి మొదలైంది మా తిరుగుడు. కాళ్ళకు బలపం కట్టుకున్నట్టు తిరిగాం. ఒక కిటికీ దగ్గరికి వెళ్తే తండ్రి రావాలన్నారు. ఆయన గ్యారేజీలో కాళ్ళావేళ్ళా పడి సెలవు పెట్టుకుని వస్తే, తండ్రి ఒక్కడే వస్తే ఎలా, పిల్ల ఏది అన్నారు. పిల్లని తీసుకెళ్తే ఆ గుమాస్తా రాలేదు. వచ్చినవాడు చాయ్ గ్లాసులో చక్కెరని అడుగుదాకా కలుపుకుని తాగి, గ్లాసు పక్కన పెట్టి, మా వంక చూసి "బుక్రా" అన్నాడు. బుక్రా అంటే రేపు. ఆ మాట చెప్పడానికి అంతసేపు ఎందుకు కూర్చోబెట్టినట్టు? ఇక్కడ మనవాళ్ళ కచేరీల్లో మాత్రం మనకి ఎర్ర తివాచీలు పరిచారా అంటే, లేదు, నిజమే. కానీ అక్కడ కోప్పడడానికి కూడా భాష లేదు. మనసులో తెలుగులో తిట్టుకుని, పైకి షుక్రన్ అని థాంక్సు చెప్పి వచ్చేదాన్ని. నేను సెలవు పెట్టిన ప్రతిసారీ ప్రిన్సిపాల్ నా మొహం మీదే జీతం కోసేవాడు.

తర్వాత కఫీల్ దగ్గర్నుంచి కాగితం కావాలన్నారు. కఫీల్ అంటే వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమాని. ఆ మాట వినగానే తండ్రి ముఖంలో నెత్తురు లేదు. కూతురు చెవిటిదని కఫీల్‌కి తెలిస్తే ఇంకేముంది, ఇఖామా కాన్సిల్ అని ఆయన నమ్మకం. ఇవాళ అడుగుతా, రేపు అడుగుతా అంటూ రంజాన్ నెలంతా గడిపేశాడు. చివరికి మీరు అడగకపోతే నేనే గ్యారేజీకి వస్తానని బెదిరించాను. వెళ్ళాడు. ఆ కఫీల్ ఫోన్లో మాట్లాడుతూ, కాగితంలో ఏముందో చూడనైనా చూడకుండా సంతకం గీకి ఇచ్చేశాడట. అంత భయమూ ఆ గీతకోసమా అని నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

ఆ ఆఫీసులన్నిటిలో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడినది ఒక్కావిడే. ఆ బడి చేరికలు చూసే అధికారి. ఇంగ్లీషు వచ్చు. కాగితాలు చూసి, పిల్లని దగ్గరికి పిలిచి, దాని గడ్డం పట్టుకుని, ఒక్క సీటు మిగిలి ఉంది, ఆస్పత్రిలో చెవుల పరీక్ష చేయించి వినబడదని డాక్టరు కాగితం తెండి, ఆ సీటు దీనికి ఉంచుతాను, అంది. ఎనిమిది దాటితే మొదటి క్లాసులో చేర్చుకోరని కూడా చెప్పింది. పిల్లకి ఎనిమిది నిండడానికి ఎంతో కాలం లేదు. అంటే ఇదే ఆఖరు అవకాశం. మెట్లు దిగుతుంటే తల్లి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పరీక్షకి ముందురోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి కూర్చోబెట్టి మరీ చెప్పాను. చూడమ్మా, ఇది మామూలు మెడికల్ కాదు. ఇందులో తప్పితేనే మనకి సీటు. పిల్లని దాని మానాన వదిలెయ్యి, దాని మీద చెయ్యి వెయ్యకు, వినబడకపోతే వినబడనట్టే ఉండనీ. "అట్లనే అక్కా" అంది. తండ్రి కూడా తలూపాడు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరినట్టు ఆ ఒక్క మాటే తిప్పి తిప్పి చెప్పి వచ్చాను.

ఆస్పత్రిలో లోపలికి తల్లిని, పిల్లని మాత్రమే రానిచ్చారు. నేనూ తండ్రీ బయట బల్ల మీద కూర్చున్నాం. ఆయన ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు, గోళ్ళలో గ్రీజు మాత్రం వదల్లేదు. ఆ తలుపు వంకే చూస్తున్నాడు. నాకు నమ్మకంగానే ఉంది. పెద్ద సైరను మోగించినా వినబడని పిల్ల, దీనికి పరీక్షేమిటి, ఇంకాసేపట్లో కాగితం చేతికొస్తుంది, ఇవాళే ఆ అధికారి బల్ల మీద పెట్టేద్దాం అనుకుంటున్నాను.

తలుపు తెరుచుకుంది. తల్లి పిల్లని చంకనేసుకుని వచ్చింది. ఏడేళ్ళ పిల్ల, కాళ్ళు తల్లి మోకాళ్ళదాకా వేలాడుతున్నాయి. ఆవిడ మొహం పెళ్ళికూతురి మొహంలా ఉంది.

"పాసయిందక్కా" అంది.

ఆ క్షణంలో ఆ తండ్రి ఏమన్నాడో తెలుసా? "అల్‌హందులిల్లా" అన్నాడు. నేను చెప్పిందంతా తెలిసినవాడు, నిన్న తలూపినవాడు. దేవుడికి దణ్ణం పెట్టేసుకుని, ఆ తర్వాత నా మొహం చూశాడు. అప్పుడు ఆయన చేతులు ఒళ్ళోకి జారిపోయాయి.

నేను లోపలికి దూసుకెళ్ళాను. డాక్టరు అప్పటికే ఇంకో పిల్లాడి చెవిలో లైటు వేసి చూస్తున్నాడు. అక్కడి మలయాళీ నర్సు జరిగింది చెప్పింది. చెవులకి పెట్టే మిషను చూసి పిల్ల భయపడి పీకేసిందట. అందుకని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, గోడకున్న డబ్బాలోంచి శబ్దాలు వినిపించారు. శబ్దం వచ్చినప్పుడల్లా ఒక చెక్కముక్క తీసి బుట్టలో వెయ్యాలి. ఒక్కటి తప్పకుండా వేసింది, పెద్ద శబ్దానికీ వేసింది, సన్నదానికీ వేసింది, భలే తెలివైన పిల్ల, అని నర్సు మెచ్చుకుంది. తల్లికి బాగా వినబడే చెవులు. ఆవిడ బురఖా కింద చెయ్యి ఎక్కడుందో ఎవరు చూశారు? బయట వరండా నిండా జనం, డాక్టరుకి తీరికెక్కడిది. తల్లి సైగ చేసింది డాక్టరుగారూ, మళ్ళీ చెయ్యండి అని బతిమాలాను. ఆయన విసుక్కుంటూ, ఏ తల్లయినా తన పిల్లకి వినబడుతోందని మోసం చేస్తుందా, వినబడదని చేస్తే అర్థముంది, అన్నాడు. ఆయన మాట పూర్తిగా తప్పని కూడా అనలేను. చెవులు రెండూ బాగున్నాయని కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చేశాడు.

బస్సు కోసం ఎండలో నిలబడి ఆవిడని నోటికొచ్చినట్టు కడిగేశాను. ఏమ్మా, నీకు బుద్ధుందా, గోడకి చెప్పినట్టు చెప్పానా నిన్న అంతసేపూ, పిల్ల గొంతు నీ చేత్తో నువ్వే నొక్కేశావు కదే అన్నాను. బస్సు ఎక్కాక, పిల్ల నిద్రపోయాక, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"నువ్వు చెప్పిందంతా గుర్తుండాదక్కా. తెల్లకోటు చూస్తానే బొంబాయి యాదికొచ్చె. ఆడ నా ఎక్స్‌రే తీస్తాంటే ఊపిరి బిగబట్టుకుని ఖురాన్ చదువుకుంటి. నా బిడ్డ ఫెయిల్ అయితాంటే నేను చూస్తా ఎట్ల కూర్చునేది? నా చెయ్యి నా మాట వినల్యా."



మర్నాడు నేను ఒక్కదాన్నే ఆ అధికారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. నవ్వలేదు, అది ఆవిడ మంచితనం. డాక్టరు కాగితం ఉండగా ఇంకో పరీక్షకి రాయాలంటే నాకు కారణం కావాలి, తల్లి పిల్లకి సైగ చేసి చెప్పించానని సంతకం పెట్టి ఇస్తే, మళ్ళీ పరీక్ష చేయిస్తాను, అంతవరకు సీటు ఆపుతాను, కానీ ఎక్కువ రోజులు ఆపలేను, అంది. నాలుగు మాటలు, ఒక సంతకం. ఇంకా ఏమీ చెడిపోలేదని ప్రాణం లేచివచ్చింది.

ఆవిడే అరబ్బీలో రాయించి ఇచ్చిన కాగితం తీసుకుని వాళ్ళింటికి వెళ్తే, తండ్రి ఒప్పుకోలేదు. అంత మెత్తటి మనిషి రాయిలా బిగుసుకుపోయాడు. సర్కారు డాక్టర్ని మోసం చేశామని అరబ్బీలో రాసి సంతకం పెడితే ఊరుకుంటారా మేడమ్, జైల్లో పెట్టి పంపిస్తారు గదా, అన్నాడు. ఆవిడ అలాంటి మనిషి కాదన్నాను. ఆమె కాదు, ఆమె పైవాళ్ళ సంగతేంది అన్నాడు. తల్లి నేను పెడతా, జైలుకి నేను పోతా, అంటూ కాగితం అందుకోబోయింది. ఆయన ఆ కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నా ఇఖామా మీద రాయచోటిలో ఇల్లంతా తింటాంది మేడమ్. ఈ పాప ఒక్కత్తే కాదు" అన్నాడు.

మీకు మీ ఇఖామాయే ఎక్కువయితే ఇక నన్ను పిలవకండి అని విసురుగా లేచాను. మావారితో చెప్పుకుని మండిపడితే, ఆయన, అతను భయపడ్డట్టు జరగదని మనం మాత్రం రాసివ్వగలమా, అన్నారు. అదీ నిజమే. ఆ దేశంలో ఏ తప్పుకి ఏ శిక్షో మాలో ఎవరికి తెలుసు? గదుల్లో విన్న కబుర్లు తప్ప మా దగ్గర ఏముంది? వాళ్ళు మాకు చెప్పలేదు, మేం అడగలేదు. ఆ సీటు ఇంకో పిల్లాడికి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. ఎవరి పిల్లాడో, వాడైనా బాగుపడి ఉంటాడనుకుంటాను.

మా ప్రిన్సిపాల్ మాత్రం ఆ డాక్టరు కాగితం చూసి సంబరపడ్డాడు. చెవులు బాగానే ఉన్నాయని సర్కారు డాక్టరే రాసిచ్చాడు కదమ్మా, అయితే ఇది మొండితనమే, మొండిపిల్లల్ని పెట్టుకుని మిగతావాళ్ళని పాడుచేసుకోలేం, అన్నాడు. మొన్న చెవిటిదని పంపేస్తానన్నవాడు ఇప్పుడు చెవిటిది కాదని పంపేశాడు. ఆయన మొహాన ఏదైనా విసిరికొట్టాలనిపించింది. చేతిలో చాక్‌పీసు తప్ప ఏమీ లేకపోయింది.

బడి లేని పిల్లని ఆ ఒక్క గదిలో ఎన్నాళ్ళు దాస్తారు? ఇంటి ఓనరు ఆరా తీయడం మొదలుపెట్టాడట. చివరికి తండ్రే వెళ్ళి, ఎవరైనా కాన్సిల్ చేస్తారేమోనని ఇన్నేళ్ళు వణికిపోయిన ఆ రెండు ఇఖామాలూ, పెళ్ళానిదీ పిల్లదీ, తన చేత్తోనే కాన్సిల్ చేయించుకొచ్చాడు. ఊళ్ళో అవ్వ దగ్గర ఉంటారులే మేడమ్ అన్నాడు. ఊళ్ళో చెవిటిపిల్లల బడి ఉందా అని నేనడగలేదు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

విమానాశ్రయానికి నేనూ వెళ్ళాను. కోపం కోపమే, వెళ్ళకుండా ఉండలేకపోయాను. టికెట్లు చూసే కౌంటర్లో ఒక బొంబాయి అమ్మాయి కూర్చుంది. పాస్‌పోర్టులు తీసుకుంటూ, పిల్లని చూసి ముచ్చటపడి, హిందీలో నీ పేరేమిటి బేటీ అని అడిగింది. పిల్ల పెట్టెల వంక చూస్తోంది. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. తండ్రి గొంతు సవరించుకుని ఏదో సర్దిచెప్పబోయాడు. ఈలోగా తల్లి ముందుకొచ్చి, వాళ్ళింటి ఉర్దూలో, చుట్టూ అందరికీ వినబడేలా, ఈ పిల్లకి చెవులు వినబడవు, మూడేళ్ళప్పుడే పోయాయి, అంది.

ఆ అమ్మాయి కాగితం అడగలేదు, ఎవరి సంతకమూ అడగలేదు. అయ్యో అంటూ టికెట్ల మీద ఏదో రాసి, ముందు వరసలో సీటు మార్చి, లోపలికి కబురు పెట్టింది. వెంటనే యూనిఫాం వేసుకున్న ఒకతను వచ్చాడు. అతను పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ రెక్కల్లా చాపి విమానం చూపించి, నిన్ను అందరికన్నా ముందు ఎక్కిస్తానని సైగ చేశాడు. పిల్ల కిలకిలా నవ్వి అతని వేలు పట్టుకుంది.

తల్లి నావైపు తిరిగింది.

"చెప్తే ఇంతేనా అక్కా?" అంది.

"ఇంతే" అన్నాను.